పండ్లు లేని ముక్క

ఆదివారం పొద్దున ఆ దర్జీ తన కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేసి వంటింట్లోకి వస్తుంది. గుడ్లు, పాలు, మైదా గిలకొట్టి, వెన్న కాగిన ఇనప పెనంలో పోసి ఓవెన్‌లో పెడుతుంది. బుసబుసా పొంగిన పాన్‌కేక్ బయటికి తీసిన నిమిషంలోనే అణిగిపోతుంది. దాని మీద అరటిపండు, స్ట్రాబెర్రీ ముక్కలు గుండీల్లా వరుసగా పేరుస్తుంది. ఒక పక్క మాత్రం ఖాళీగా వదిలేస్తుంది. పెద్దకూతురికి పండ్లు గిట్టేవి కావు. ఆ పిల్ల పోయి మూడేళ్లయింది.

ఈ వారం ఇంటికొచ్చిన ఆడపడుచు, "ఇక్కడ వెయ్యడం మర్చిపోయావు వదినా," అంటూ ఆ పక్కన నాలుగు ముక్కలు వేసింది. ఆ దర్జీ తప్పు కుట్టు విప్పినంత నెమ్మదిగా వాటిని ఒక్కొక్కటే తీసేసింది. భర్త పళ్లెం ముందుకు జరిపి, "ఆ ముక్క నాకు పెట్టు," అన్నాడు. పండు లేనిదే భోంచేసినట్టుండదనే మనిషి, మూడేళ్లుగా ఆదివారం మాత్రం ఆ వట్టి ముక్కే తింటున్నాడు.