కిర్రుచెప్పులేసుకుని చిరుత కోసం

మా బాపు మీద నాకో పాత కోపం ఉంది. ఎండాకాలం వచ్చి ఊళ్లో గడ్డి ఎండిపోగానే ఆయన గొర్ల మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు, నల్లమల అంచుకు వలసపోయేవాడు. వానలు పడ్డాక తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని చిరుతపులి కథలు చెప్పేవాడు. తమ్ముణ్ని రెండుసార్లు వెంట తీసుకుపోయాడు. నన్ను ఒక్కసారి కూడా తీసుకుపోలేదు. అడిగితే, "ఆడపిల్లవు, నీకేం పనే గాడ?" అనేవాడు.

తమ్ముడు తిరిగొచ్చి చిరుత కండ్లు ఎట్లా మెరిశాయో చేతులు తిప్పుతూ చెప్పేవాడు. నేను వాడి నెత్తిన మొట్టికాయ వేసేదాన్ని. వాడు చెప్పింది అబద్ధమని కాదు, నిజమేమోనని.

మోకాళ్లు మొరాయించడంతో బాపు మంద అమ్మేశాడు. నేను పాలమూరులో ఒక దవాఖానలో నర్సును. తెలంగాణ వచ్చాక జిల్లాలు విడగొట్టారు, మా ఊరు వేరే జిల్లాలోకి పోయింది. బాపు మాత్రం ఇప్పటికీ ఎవరడిగినా పాలమూరనే చెప్తాడు. మొన్న చలికాలంలో సెలవు పెట్టి, నల్లమలలో కృష్ణ పక్కన ఉన్న అడవి కుటీరాల్లో ఒక గది మాట్లాడుకున్నాను. పొద్దున్నే గైడు వెంట అడవిలో నడవాలి, అదృష్టం బాగుంటే జంతువులు కనిపిస్తాయి. నాకు జింకలతో, నెమళ్లతో పని లేదు. చిరుతను నా కండ్లతో చూడాలి. చూసొస్తానని తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

"చిన్నప్పుడు నువ్వు నన్ను తీస్కపోలె. ఇప్పుడు నేను నిన్ను తీస్కపోతున్న, నడువు" అన్నాను బాపుతో.

"కిరాయికి గది తీస్కోని చిర్తను సూసుడేందే? మేము దాన్ని ఎల్లగొట్టనీకి సచ్చిపోయినం గద!" అన్నాడు. అయినా సంచీ సర్దుకున్నాడు.

మర్నాడు పొద్దున గది బయటికి వచ్చిన బాపును చూసి గైడు గుటకలు మింగాడు. నెత్తికి ఎర్ర రుమాలు, భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు కిర్రుచెప్పులు. ఆ తోలుచెప్పులు అడుగడుక్కీ కిర్రుమంటాయి. గొర్లకాపర్లు అవి మోగాలనే కుట్టించుకుంటారు, చప్పుడు విని పాములు పక్కకు పోతాయని. గొంగడి సంగతి సరేసరి. దారిలో పుట్టిన గొర్రెపిల్లలను ఎన్నిటినో అందులో చుట్టుకుని మోశాడు. ఎన్నిసార్లు ఉతికినా అది గొర్రె వాసనే.

"పెద్దయ్యా, గొంగడి గదిల పెట్టి రారాదు? గీ వాసనకు జంతువులు రావు" అన్నాడు గైడు.

"చిర్త గొర్రె వాసనకు రాక, అత్తరు వాసనకు వస్తదా పిలగా?" అన్నాడు బాపు.

పట్నం నుంచి వచ్చిన ఒక జంట మాతో కలిశారు. ఆయన చేతిలో మోచెయ్యంత పొడుగు కెమెరా ఉంది. గైడు ముందు నడిచాడు, తర్వాత వాళ్లిద్దరూ, తర్వాత నేను. బాపు అందరికంటే వెనక. కాపరి ఎప్పుడూ మంద వెనకే నడుస్తాడు మరి. మాట్లాడొద్దని గైడు నోటి మీద వేలు పెట్టి చెప్పిన కాసేపటికే కెమెరా ఆయన భార్య ఏదో పువ్వు చూసి దారి తప్పి పక్కకు నడిచింది. వెంటనే వెనక నుంచి "హెయ్, హుర్ర్ర్!" అని కేక, నేల మీద కర్ర చప్పుడు. ఆమె ఉలిక్కిపడి దారిలోకి వచ్చేసింది. పొదల్లోంచి నాలుగు జింకలు లేచి పరుగెత్తాయి. ఆ తర్వాత ఒక మనుబోతు, అదీ అంతే. ఆ పొద్దున మేము చూసిన జంతువులన్నిటికీ తోకలే ఉన్నాయి, మొహాలు లేవు.

నాకు ఒళ్లు మండింది. బాపును ఆపి చెప్పులు విప్పించి నా సంచీలో వేసుకున్నాను. సూది వద్దని గొడవచేసే రోగులతో మాట్లాడే గొంతుతో, "బాపూ, ఇగ నోరు మూస్కోని నడువు" అన్నాను. బుద్ధిమంతుడిలా తలూపాడు. నేనూ నమ్మాను.

వెదురుపొదలు దాటి దిగితే కింద కృష్ణ కనిపించింది. నీళ్ల మీద ఇంకా పొగమంచు ఉంది. గైడు గబుక్కున చెయ్యెత్తాడు. అందరం కూలబడ్డాం.

"చిరుత. గా నల్లబండ మీద" అన్నాడు గొణుగుతూ.

నాకు ఒక కొమ్మ అడ్డం. కెమెరా ఆయన వేలు బటన్ మీదికి పోతోంది. చిన్నప్పటి నుంచీ కోరుకున్నది ఆ కొమ్మ అవతలే ఉంది. మెడ సాచాను.

లోకం చీకటైపోయింది. ముక్కు నిండా గొర్రె వాసన. ఎవరో నా నెత్తి మీద చెయ్యేసి నేలకు అదిమారు. బయట నుంచి బాపు గొంతు: "హోయ్! హోయ్! హుర్ర్ర్ర్!" కర్రతో బండను ధనధనా బాదుతున్నాడు. గొంగడిలోంచి నేనూ అరిచాను గానీ ఆ హోరులో నా మాట ఎవరికి వినపడుతుంది? తలకాయ బయటపెట్టేసరికి నల్లబండ ఉంది, నీళ్లున్నాయి. అంతే.

కెమెరా ఆయనకు దక్కింది ఒకటే ఫొటో. అందులో ఎర్ర రుమాలు, ఎత్తిన కర్ర, వాటి కింద ఒక నల్లటి మూట. ఆ మూట నేనే. దారి పొడుగునా ఆయన మాతో మాట్లాడలేదు. ఆయన భార్య మాత్రం నవ్వి నవ్వి రెండుసార్లు ఆగింది.

కుటీరం వరండాలో చాయ్ తెచ్చారు.

"గా సారున్నడు, ఆమె ఉన్నది, గైడున్నడు. అందరు సూసిన్రు. నన్నొక్కదాన్నే ఎందుకు కప్పినవ్ బాపూ?"

బాపు చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, ఇదేం పిచ్చి ప్రశ్న అన్నట్టు నా వైపు చూశాడు.

"గాళ్లు నా మందనా?"

ఏడుపొచ్చింది. కనిపించనిస్తే ఓడిపోయినట్టేనని చాయ్ గ్లాసులో మొహం పెట్టుకున్నాను.

అప్పుడే తమ్ముడి ఫోన్. "అక్కా, చిర్త కనిపించిందా?"

"కనిపించకేం? కండ్లు గట్ల మెరిసినయి!" అన్నాను. బాపు సాసర్ కింద పెట్టి దగ్గాడు.

తమ్ముడు నెమ్మదిగా అడిగాడు: "గొంగడి కిందికెల్లి నీకెట్ల కనిపించినయే? నాకైతే రెండుసార్లూ ఏం కనవడలె."

చిన్నప్పుడు వాడి నెత్తిన వేసిన మొట్టికాయలన్నీ న్యాయమైనవేనని ఆ పూట తేలింది.