నలభై ఏడు ఫ్లాట్ నంబర్లు

ఒక్క మధ్యాహ్నం నా చేతుల మీదుగా పోయినవి నలభై ఏడు. అందులో కథల పుస్తకాలు ముప్పై ఆరు, వెదురు వేణువులు ఐదు, చిన్న తాళాల జతలు నాలుగు, డఫ్లీలనే చేతి డప్పులు రెండు. కూడి చూస్తే సరిపోతుంది. ఎన్నిసార్లు కూడానో మాత్రం చెప్పలేను.

నాకు డిగ్రీ లేదు. పదో తరగతితో చదువు ఆగింది. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను, వేళ్ల కణుపుల మీద. మావారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. దేశ రాజధాని పక్కనే ఇందిరాపురంలో మేముండే సొసైటీలో నెలనెలా నీటి మీటర్లు చూసి రాసే పని నాది. ఉన్నది ఒకటే టవరు, ఎనభై నాలుగు ఫ్లాట్లు. అక్కడ మనుషులకు పేర్లుండవు. ‘702 వాళ్లు’, ‘1104 ఆంటీ’ అంటే చాలు.

మా అమ్మాయి తొమ్మిదిలో ఉండగా వాళ్ల స్కూల్లో గురువారాలు చదువు గంట అని ఒకటి మొదలుపెట్టారు. పిల్లలు ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు కథ పైకి చదవాలి, మిగతావాళ్లు వేణువుతో, తాళాలతో దానికి తోడు వాయించాలి. అంతకు ముందే సంగీతం గదిని కోచింగు క్లాసులకు ఇచ్చేశారు, వాయిద్యాలు లైబ్రరీ బీరువాలోకి వచ్చిపడ్డాయి. అన్నిటికీ ఒక్కతే బాధ్యురాలు, లైబ్రరీ మేడమ్. ముప్పై దాటిన మనిషి. ఉద్యోగం ఏడాది కాంట్రాక్టు. పుస్తకాలకు అట్టలేసి, నంబర్లు వేసి, ఆవిడకు సాయం చేయడానికి నేను వారం వారం వెళ్లేదాన్ని.

నవంబరులో గాలి బాగా చెడిపోయింది. రేపటినుంచి స్కూళ్లు మూసేస్తారని ఆ గురువారం పొద్దుటినుంచీ ఒకటే మాట. వార్షికోత్సవం దగ్గర పడుతోంది. ఇంట్లో సాధన చేసుకోవడానికి ఎవరి పుస్తకం వాళ్లకు, ఎవరి వాయిద్యం వాళ్లకు ఇచ్చి పంపాలి. సరిగ్గా అప్పుడే మేడమ్‌కు ప్రిన్సిపాల్ నుంచి పిలుపొచ్చింది. బీరువా తాళాలు నా చేతిలో పెట్టి, “ఆంటీ జీ, రాసుకుని ఇచ్చేయండి, ప్లీజ్,” అని వెళ్లిపోయింది.

గుమ్మం ముందు నలభై ఏడుగురు పిల్లలు. బస్సులకు ఇరవై ఐదు నిమిషాలుంది. రిజిస్టరులో పేరు, తరగతి, సెక్షను, పుస్తకం నంబరు రాసి సంతకం పెట్టిస్తే మనిషికి ఒకటిన్నర నిమిషం, అంటే మొత్తం డెబ్బై నిమిషాలు దాటుతుంది. నేను రిజిస్టరు పక్కన పెట్టేశాను. తెల్లకాగితం మీద రెండే గడులు గీశాను. ఒకటి పుస్తకం నంబరు, రెండోది పిల్లల ఫ్లాట్ నంబరు. మనిషికి అర నిమిషం చొప్పున ఇరవై మూడున్నర నిమిషాలు. చివరి పిల్ల మెట్లు దిగేసరికి ఇంకా నిమిషం మిగిలింది. ఆ మిగిలిన నిమిషానికి నాకు ఎంత గర్వంగా అనిపించిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

శుక్రవారం నుంచి స్కూలు మూతపడింది. శనివారం కాగితాన్ని శుభ్రంగా తిరగరాస్తుంటే మా అమ్మాయి భుజం మీదుగా తొంగిచూసింది.

“మమ్మీ, ఈ 702 ఎవరు?”

“పొడుగు జడ అమ్మాయి. పక్షుల కథ చదివేది.”

“అది కాదు. ఏ సొసైటీ? ఏ టవర్?”

నేను కాగితం వైపు చూశాను. నలభై ఏడు వరసల్లోనూ టవరు లేదు, సొసైటీ లేదు, పేరు లేదు.

“ఇందిరాపురంలో 702లు హండ్రెడ్ ఉంటాయి మమ్మీ. పక్కన వైశాలి కాలనీ పిల్లలు కూడా ఉన్నారు,” అంది. తర్వాత నా మొహం చూసి, “ఠీక్ హై, స్కూల్ ఓపెన్ అయ్యాక వాళ్లే తెచ్చిస్తారులే,” అంది.

ఆ సాయంత్రం కుక్కర్ కూతలు కూడా తప్పు లెక్కపెట్టాను. ఇరవయ్యేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు.

మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను.

“ఫిబ్రవరి ఆఖర్లో స్టాక్ చూస్తారు ఆంటీ జీ,” అంది. “రెండు పుస్తకాలు తగ్గినా ఏమీ అనరు. అంతకు మించితే నా కాంట్రాక్టు ముందుకు వెళ్లదు.”

“నేను ప్రిన్సిపాల్ మేడమ్‌తో చెప్తాను. తప్పు నాది.”

“అలా చేయకండి. బయటివాళ్ల చేతికి తాళాలిచ్చానని తెలిస్తే ఫిబ్రవరి దాకా కూడా ఆగరు.”

అంటే నా తప్పు నేను ఒప్పుకుంటే ఆవిడ ఉద్యోగం ముందే పోతుంది. ఒప్పుకోకపోతే తర్వాత పోతుంది. పిల్లల చిరునామాలు ఆఫీసులో అడగడానికీ లేదు, ఎందుకని అడుగుతారు.

డిసెంబరులో స్కూలు తెరిచారు. ప్రార్థన దగ్గర రెండుసార్లు చెప్పించాక ముప్పై మూడు తిరిగొచ్చాయి. వాయిద్యాలు పదకొండూ వచ్చాయి. తాళాల జత ఒకదానికి తాడు మారింది, అంతే. రానివన్నీ పుస్తకాలే, పద్నాలుగు. వాటిని తీసుకున్నవాళ్లలో కొందరు పదో తరగతి పిల్లలు, పరీక్షల సెలవులో ఇంట్లో ఉన్నారు. ఇంకొందరు పిల్లలు తండ్రులకు బదిలీ అయి ఊరే దాటిపోయారు. మిగిలినవాళ్లు ‘నేను తీసుకోలేదు’ అన్నారో, అసలు విననేలేదో తెలియదు.

ఆదివారాలు నేనూ మా అమ్మాయీ కాగితం పట్టుకుని బయలుదేరాం. మొదటి సొసైటీలోనే ఎనిమిది టవర్లు. పద్నాలుగు నంబర్లకు నూట పన్నెండు తలుపులు. గేటు దగ్గర గార్డు కాగితం చూసి, “మేడమ్ జీ, మీరు మనిషి కోసం వచ్చారా, లాటరీ నంబరు కోసం వచ్చారా?” అన్నాడు.

ఒక 702లో ఓ పెద్దావిడ తలుపు సగమే తెరిచింది.

“పుస్తకాలా? మేం కొనం.”

“అమ్మడానికి కాదు ఆంటీ జీ. మీ పిల్లలు స్కూలు లైబ్రరీ నుంచి తెచ్చుకున్నారేమో అని.”

“మా ఇంట్లో పిల్లలు లేరు. కుక్క ఉంది. అదేమీ చదవదు.”

లిఫ్టులో మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. “మమ్మీ, నెక్స్ట్ టైమ్ డాగ్‌కి కూడా ఒక బుక్ ఇచ్చేయ్, ఫ్లాట్ నంబర్ ఎలాగూ ఉంది,” అంది. నేనూ నవ్వబోయాను, కానీ కళ్లు అప్పటికే తర్వాతి నంబరు మీదికి వెళ్లిపోయాయి.

ఏడు ఆదివారాలు తిరిగితే ఆరు దొరికాయి. పొడుగు జడ అమ్మాయి ఇల్లు వైశాలిలో తేలింది. పక్షుల కథ వాళ్ల తమ్ముడి దిండు కింద ఉంది. ఇంకా ఎనిమిది.

ఆ మధ్యలోనే, జనవరిలో, వాయిదాపడిన వార్షికోత్సవం జరిగింది. పిల్లలు వరసగా నిలబడి చదివారు. మా అమ్మాయి తెలుగు కథ ఒక్క చోట కూడా తడబడకుండా చదివిందని పక్కావిడ నా చెయ్యి నొక్కింది. నేను వినలేదు. వేదిక మీద ఎవరి చేతిలో ఏ పుస్తకం ఉందో లెక్కపెడుతూ కూర్చున్నాను. వేణువు ఆగాక చప్పట్లు మొదలైతే నా లెక్క తప్పింది, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.

స్టాక్ చూసే రోజున నాకు లోపలికి వెళ్లే పని లేదు. అయినా వెళ్లి వరండాలో మంచినీళ్ల కూలర్ దగ్గర నిలబడ్డాను. కిటికీలోంచి, తనిఖీకి వచ్చిన ఆయన పుస్తకం తర్వాత పుస్తకం వేలితో తాకుతూ పోవడం కనిపించింది. ఎనిమిది లోటు, రెండు వదిలేస్తారు, ఆరు మిగులుతాయి. ఆ ఆరుకు ఏ దారీ లేదు.

గంటన్నర తర్వాత ఆయన బయటికొచ్చి, “సబ్ ఠీక్ హై,” అంటూ వెళ్లిపోయాడు.

నాకు అర్థం కాలేదు. లోపలికి వెళ్లాను. మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని ఉంది. చివరి అరలో ఆరు లావుపాటి పుస్తకాలు, కొత్త నంబర్లతో. ఒకటి తీశాను. చరిత్ర పుస్తకం. అంచుల నిండా పెన్సిలుతో సన్నటి అక్షరాలు, మూడు రంగుల గీతలు, పేజీ పేజీకీ అతికించిన చిన్న చీటీలు.

“ఇవి ఎక్కడివి?”

“నావే. ముఖర్జీ నగర్‌లో సివిల్స్ కోచింగుకి నాలుగేళ్లు చదివినవి. పోయినదానికి బదులు అంతకు తగ్గని పుస్తకం పెట్టొచ్చని రూలు ఉంది ఆంటీ జీ. రిజిస్టరులో అలాగే రాశాను.”

“మళ్లీ పరీక్ష రాస్తానన్నావు కదా.”

“రాస్తాను. ఇంకొక్కసారి అవకాశం ఉంది.” మొదటి పేజీలో తన పేరు పక్కన పడ్డ స్కూలు స్టాంపును తడివేలితో తుడిచింది. ముద్ర పోలేదు, వేలికి ఊదారంగు అంటింది. “పోయినవి దొరికితే ఒకటికి ఒకటి నాకు తిరిగిచ్చేయవచ్చు. ఇక్కడే కూర్చుని చదువుకుంటాను, అప్పటిదాకా.”

కొత్తవి కొనిస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది. ఆ చీటీలు దుకాణంలో దొరకవని నాకూ తెలుసు.

కాంట్రాక్టు ఇంకో ఏడాది వచ్చింది. నేను ఆదివారాలు మానలేదు. ఏప్రిల్‌లో భోపాల్‌కు బదిలీ అయినవాళ్లు కొరియర్‌లో ఒకటి పంపారు. జూన్‌లో పదో తరగతి దాటిన పిల్ల ఒకతె పాత పుస్తకాల కట్టలో ఇంకొకటి చూసి తెచ్చింది. రెండుసార్లూ మేడమ్ తన పుస్తకం ఒకటి అరలోంచి తీసుకుని, నా కళ్లముందే రిజిస్టరులో కొట్టేసింది. మొదట తీసుకున్నది చరిత్ర.

మిగిలినవి ఆ చివరి అరలోనే ఉన్నాయి. వచ్చే వేసవిలో ఆవిడ పరీక్ష. నా కాగితం మీద ఆరు ఫ్లాట్ నంబర్లు ఇంకా కొట్టేయకుండా ఉన్నాయి. అందులో రెండు దొరక్కపోయినా ఫరవాలేదు. ఈ రోజుకు నేను ఆవిడకు బాకీ ఉన్నవి నాలుగు.