రాజవ్వ ఇంట్లో తియ్యటి నీళ్లు

2023 వానాకాలం. గుమ్మడిదల దాటాక ఉన్న ఒక ప్రోటీన్ పౌడర్ ఫ్యాక్టరీలో నేను క్యూసీ కెమిస్టుని, అంటే సరుకు బయటికి వెళ్లేముందు పరీక్షించే మనిషిని. జిమ్ముకు పోయే కుర్రాళ్లు తాగే ఆ పొడిలో చక్కెర ఉండదు. తీపి కోసం సుక్రలోజ్ కలుపుతాం. చిటికెడు వేస్తే బిందెడు నీళ్లు తియ్యగా అవుతాయి, కానీ ఒంటికి అది చక్కెర కాదు. పొడులు కలిపే బ్లెండింగ్ సెక్షన్‌లో మాస్కు కట్టుకున్నా పెదాలు తియ్యగానే ఉంటాయి. ఇంటికెళ్లి పచ్చిమిర్చి కొరికినా ముందు తీపే తగులుతుందని అక్కడివాళ్లు నవ్వుకుంటారు.

ఆ సెక్షన్‌లో పనిచేసే స్వరూప ఒక మధ్యాహ్నం ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చింది.

"మేడం, మా మామ ఇంట్ల తిరుగుతుండంట."

"సచ్చిపోయిండు గద?"

"గందుకే గద మేడం!"

మామ షుగర్‌తో పోయాడు. దినాలైన కొద్ది రోజులకే ఇంట్లో నీళ్లు, అన్నం, పప్పు అన్నీ తియ్యగా అయ్యాయట.

"అందరు అంటున్నరు, నాకే తెలుస్తలేదు. గందుకని ఆయన నా మీదికే వచ్చిండని మా అత్త నా మొఖం సూస్తలేదు. ఆమెకు గూడ షుగరే. ముద్ద ముడుతలేదు, గోలీలు మాత్రం యాళ్లకు మింగుతది."

"నీ మొఖం! దయ్యాలు వంట జేస్తయా?" అని కసిరాను. అయినా మనసొప్పక షిఫ్టు అవగానే వెంట వెళ్లాను.

అత్త రాజవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఎదురుగా భర్త ఫోటో. స్వరూప ఇచ్చిన చెంబు ఎత్తి తాగాను. తీపి! రోజూ అదే రుచి చూసే నేను, నిజం చెప్తున్నా, భయంతో ఆ ఫోటో వంక చూశాను.

"సూసినవా బిడ్డా? ఉన్నడు," అని రాజవ్వ నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఇంకా భయమేసింది. మాట తడబడుతోంది, మెడంతా చెమట, చేతులు వణుకుతున్నాయి.

"ఏమన్న తిన్నవా అవ్వా?"

"లే."

గోలీ వేసుకుని తినలేదు. షుగర్ పడిపోతోంది. అలాంటప్పుడు తియ్యటి నీళ్లు తాపమని ఆస్పత్రిలో ముందే చెప్పారట. స్వరూప మూలనున్న నీలం డ్రమ్ములో చెంబు ముంచింది.

"పొద్దటి సంది గివ్వే తాపుతున్న మేడం."

అప్పుడు చూశాను. మా ఫ్యాక్టరీ డ్రమ్ము. లోపల లైనర్, అదే సుక్రలోజ్ పోసే మందపాటి కవరు, అలాగే ఉంది.

"ఆగు! అండ్ల చక్కెర లేదు! ఇంట్ల చక్కెర ఏది?"

"ఇద్దరు షుగరోళ్లని తెస్తనే లేము!"

చెప్పుల్లేకుండానే పక్కింటికి ఉరికాను. వాళ్ల చక్కెర వాళ్ల నీళ్లలోనే కలిపించి తెచ్చి, గుక్క గుక్కగా తాపాం. కొంతసేపటికి వణుకు తగ్గింది. రాజవ్వ కొడుకు ఆమెను ఆటోలో సంగారెడ్డి ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

ఖాళీ డ్రమ్ములకు చిల్లులు పొడిచాకే స్క్రాప్‌కు వెయ్యాలి. నీళ్లకు పనికొస్తుందని స్వరూప చిల్లి లేనిదొకటి అడిగి తెచ్చుకుంది. ఈ ప్రాంతంలో ఏ ఇంటికెళ్లినా అలాంటి డ్రమ్మొకటి ఉంటుంది. పైన కడిగింది, కవరు గట్టిగా ఉందని తియ్యలేదు. దానికంటిన పొడే నీళ్లలో కలిసింది. అడుగంటకముందే మళ్లీ నింపుతుండేవారు, అందుకే తీపి పోలేదు. తన నోరు ఎప్పుడూ తీపే కాబట్టి ఆమెకు తేడా తెలియలేదు.

రాజవ్వ ఇంటికొచ్చాక వెళ్లి అంతా విడమరిచి చెప్పాను. కోడలి తల నిమిరి, "ఉత్తగ నిన్ను ఆడిపోసుకుంటి," అంది.

"దయ్యమని భయపడి అన్నం మానినవా అవ్వా?" అన్నాను.

"నా పెనిమిటంటె నాకు భయమా? ఆఖరికి జిలేబి ముక్క అడిగితే గూడ పెట్టకపోతి. ఇప్పుడన్న తీపి తింటుండు గద, నా వంతు గూడ ఆయననే తిననీ అనుకున్న."

ఇప్పుడు డ్రమ్ములకు నా కళ్లముందే చిల్లులు పొడిపిస్తాను. తియ్యగా ఉన్నదల్లా చక్కెర కాదని కొత్తగా చేరినవాళ్లకు చెప్తాను. ఆ రోజు మాత్రం రాజవ్వ ముందు అన్నం కంచం పెట్టాను. ఆమె తినేదాకా పక్కనే కూర్చున్నాను.