పూసకో అక్షరం

రెండువేల ఇరవై మూడు, సెప్టెంబరు ఇరవై నాలుగు, ఆదివారం, పొద్దున తొమ్మిదీ పది. జెబెల్ అలీలో మా చర్చి గేటు దగ్గర మా తెలుగువాళ్ళ పెద్దాయన నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. పదిన్నరకి పూజ. ఆ పూజలో మైకు ముందు నిలబడి ఆ కాగితం చదవాల్సింది నేనే. విప్పి చూశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది కోనసీమ. పుట్టుకతో ఆర్‌సీఎం వాళ్ళం, అంటే రోమన్ కేథలిక్కులం. ఇరవై ఏళ్ళ బట్టీ దుబాయ్‌లో ఒకరింట్లో వంట చేస్తున్నాను. అరవై నిండేదాకా నాకు వేలిముద్రే. దానికి నేనేమీ సిగ్గుపడలేదని చాలామందితో అన్నాను. అది అబద్ధం. సిగ్గుపడ్డాను, పైకి తేలనివ్వలేదంతే. బస్సు నెంబరు చూడాలంటే కళ్ళజోడు మర్చిపోయానని పక్కవాళ్ళనడిగేదాన్ని. నాకు కళ్ళజోడే లేదు.

అదే ఇంట్లో ఫిలిప్పీన్స్ మనిషి ఒకామె పనిచేస్తోంది. నలభై దాటింది. ఇంటి ముసలమ్మగారికి ఒక పక్క పడిపోయింది, ఆవిణ్ణి లేపడం, కడగడం, తినిపించడం ఈమె పని. మనిషి పీలగా ఉంటుంది గానీ ముసలమ్మగారిని కుర్చీలోకి ఎత్తడం చూస్తే మగవాళ్ళు కూడా నోరు తెరుస్తారు. పొద్దున్నే ముందు ఆవిడ చెయ్యి తీసుకుని తన నుదుటికి ఆనించుకుంటుంది. పెద్దవాళ్ళకి వాళ్ళు చేసే దణ్ణం అది. ముసలమ్మగారు నమాజు మనిషి, ఈమె జపమాల మనిషి. ఆ దణ్ణం లేకపోతే మాత్రం ముసలమ్మగారు టిఫిను ముట్టదు.

మా ఇద్దరిదీ ఒకటే గది, మేడమీద, బట్టలుతికే మిషను పక్కన. నేనామెను పిల్లా అంటాను. ఆమె నన్ను ఆతే అంటుంది, వాళ్ళ భాషలో అక్క అని. మా మాటలు కొంచెం ఇంగ్లీషు, కొంచెం అరబ్బీ, మిగతాది చేతులు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కాబట్టి చక్కగా మాట్లాడుకున్నట్టు కనిపిస్తుంది గానీ, ఎదురుగా చూసినవాళ్ళు దెబ్బలాడుకుంటున్నాం అనుకునేవారు.

రెండువేల ఇరవైలో కరోనా వచ్చి చర్చిలు మూసేశారు. పూజ ఫోన్‌లో వచ్చేది. నేను మంచం మీద పడుకుని వినేదాన్ని. ఆమె అలా కాదు. తలస్నానం చేసి, ఇస్త్రీ జాకెట్టు తొడిగి, బూట్లు కూడా వేసుకుని, ఫోన్‌ని బట్టల మిషను మీద నిలబెట్టి, దాని ముందు మోకాళ్ళూనేది.

"ఎవరు చూస్తారే నీ బూట్లు?" అన్నాను.

"చూసేవాడు చూస్తాడు. నువ్వు లేచి కూర్చో ఆతే. దేవుడొస్తే పడుకుని పలకరిస్తావా?"

అంత మాటన్నాక లేచాను. చెయ్యి దణ్ణం పెడుతుంది, నోరు మాత్రం తగ్గించదు. వాళ్ళ ఊళ్ళో తల్లి, ఇద్దరు పిల్లలు. రోజూ సాయంత్రం ఆరున్నరకి వీడియోలో వాళ్ళని ముందు కూర్చోబెట్టుకుని జపమాల చెప్పించేది. కొడుకు పక్కకి జరిగితే ఇక్కణ్ణుంచే కసిరేది. కూతురు జపం మధ్యలో ఆవలిస్తే మళ్ళీ మొదటి పూస నుంచి. పిల్లల్ని కనీసం ఆ అరగంటైనా తన చేతికింద ఉంచుకోవాలని ఆమె పట్టుదల. అన్నం పెట్టడం, జడ వెయ్యడం ఫోన్‌లో కుదరవు, జపం కుదురుతుంది అనేది.

ఆ రోజుల్లోనే మా మనవరాలు, మూడో క్లాసు, తన చూచిరాత పేజీ ఫొటో తీసి నాకు పంపింది. నేను ఫోన్ పట్టుకుని, తల ఊపుతూ, బాగుంది బాగుంది అంటున్నాను. ఈమె వెనక నుంచి చూసింది.

"ఆతే, అది తలకిందులుగా ఉంది."

"నీకు తెలుగొచ్చా?"

"రాదు. టీచరు పెట్టిన టిక్కు తలకిందులుగా ఉంది."

నేను ఫోన్ ఒళ్ళో బోర్లా పెట్టేశాను. ఆమె నవ్వలేదు, అందుకే ఇవాళ్టికీ ఆమె అంటే నాకు గౌరవం. "నీ భాషలో అక్షరాలెన్ని?" అంది. మనవరాలికి ఫోన్ చేసి అడిగాను. యాభై ఆరంది. "నా జపమాలలో పూసలు యాభై తొమ్మిది. నేను ఒక్కో పూస చెప్పేలోగా నువ్వొక అక్షరం రాయి. నేను ఆపేదాకా నువ్వూ లేవకూడదు" అంది.

అలా మొదలైంది. మనవరాలు పొద్దున అక్షరాలు రాసి పంపేది, సాయంత్రం ఈమె పూస తిప్పేది, నేను దిద్దేదాన్ని. మరియమ్మ జపం వాళ్ళ భాషలో ఎంతసేపు పడుతుందో, ఒక 'ఖ' నా చేత్తో రాయడానికి సరిగ్గా అంతసేపు పడుతుంది. మిగిలిన మూడు పూసలకీ నా పేరు రాసుకునేదాన్ని, నా పేరు మూడక్షరాలే కాబట్టి. కత్తిపీట ముందు కూర్చుని నలభై ఏళ్ళు కూర తరిగిన చెయ్యి పెన్సిలు పట్టుకుంటే మొనలు విరిగాయి. 'ఘ' దగ్గర ఒకరోజు పుస్తకం విసిరేశాను. ఆమె జపం ఆపలేదు. కాలితో పుస్తకాన్ని నా వైపు తోసి, తర్వాతి పూస తిప్పింది. ఏడాదిన్నరకి గుణింతాలు, ఇంకో ఏడాదికి వత్తులు. పెద్దక్షరాల బైబిలు ఊరి నుంచి తెప్పించుకుని, వేలు పెట్టి, ఒక పేజీ చదవగలిగాను. ఆ రోజు పాయసం వండాను. ఎందుకు వండానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇక ఆ ఆదివారం. సెప్టెంబరు ఆఖరి ఆదివారం వలస వచ్చినవాళ్ళ కోసం ప్రత్యేకంగా పూజ చేస్తారు. మా విచారణలో, అంటే మా చర్చి కిందికొచ్చే జనంలో, ఆ రోజు విశ్వాసుల ప్రార్థనలు ఒక్కోటీ ఒక్కో భాషలో చదువుతారు. మలయాళం ఉంటుంది, తమిళం, కొంకణి, అరబ్బీ, ఫిలిప్పీన్స్ వాళ్ళ భాష ఉంటాయి. తెలుగు ఎప్పుడూ లేదు. ఒకసారి చదువుతానన్న మనిషి డ్యూటీ పడి రాలేదు, తర్వాత అడిగే నాథుడే లేడు. మనవాళ్ళు లేరా అంటే, బోలెడుమంది. కంపెనీ బస్సు దిగి, వెనక గోడకానుకుని నిలబడి, పూజవ్వగానే మళ్ళీ బస్సెక్కేస్తారు.

మా పిల్ల చదివేవాళ్ళ బృందానికి పెద్ద. నన్నడక్కుండా తెలుగుకి నా పేరు రాసేసింది. ఇది విని మా పెద్దాయన, ఫ్రీ జోన్‌లో గోడౌన్ చూస్తాడు, మంచివాడే గానీ మాట గరుకు, అందరి ముందూ అన్నాడు: "ఆవిడా? వంటావిడా? మైకు ముందు తడబడితే మళ్ళీ పదేళ్ళదాకా తెలుగు పేరెత్తరు."

మా పిల్ల ఫాదర్‌గారి దగ్గరికెళ్ళి, "ఆమె చదవకపోతే నన్ను బృందం నుంచి తీసెయ్యండి" అని వచ్చింది. బృందమంటే ఆమెకి ఏమిటో నాకు తెలుసు. ముసలమ్మగారి మలమూత్రాలెత్తే ఆరు రోజుల తర్వాత ఏడో రోజు బలిపీఠం మెట్టెక్కి, వెయ్యిమంది ముందు నిలబడి, దేవుడి మాట చదువుతుంది. ఇంటి దగ్గర తల్లీ పిల్లలూ ఫోన్‌లో చూస్తుంటారు. అదంతా నా నోటి మీద పందెం పెట్టేసింది.

అందుకే కాగితం విప్పి చూడగానే ఆయన్ని గేటు దగ్గరే ఆపేశాను.

"ఇది ఇంగ్లీషండీ," అన్నాను పెద్దాయనతో.

"ఇంగ్లీషేంటండీ, తెలుగే. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. గురువారమే గ్రూపులో పెట్టానుగా."

పెట్టాడు, నిజమే. చూశాను కూడా. ఇంగ్లీషు అక్షరాలు కనపడగానే ఇదేదో ఆఫీసు వాళ్ళ నోటీసని పైకి తోసేశాను. ఫోన్‌లో అందరూ అలాగే కొడతారు, తెలుగు మాట, ఇంగ్లీషు అక్షరం. తెలుగక్షరం ఒక్కటే వచ్చిన మనిషి ఉంటుందని ఆయనకి తట్టలేదు. అందులో తెలుగుంటుందని నాకూ తట్టలేదు.

"నాకు మన అక్షరాలే వచ్చండి."

ఆయన వాచీ చూసుకున్నాడు. "పోనీలెండి, నేను చదివేస్తాను."

"మీరెందుకు చదవడం? నోరు పోయిందా నాకు?"

"మరెలా చదువుతారండీ?"

ఆయనే ఒకసారి చదివి చెబితే పోయేది కదా అంటారు. ఆ రోజు ఆయనకి కార్ల పార్కింగు డ్యూటీ. అటు నుంచి ఎవరో ఈల వేస్తున్నారు. "పది కొట్టేసరికి చెప్పండి, ఫాదర్‌గారికి నా పేరిచ్చేస్తాను" అని కార్ల వైపు పరిగెత్తాడు.

మా పిల్ల వచ్చింది. నా మొహం చూసింది, కాగితం లాక్కుని చూసింది.

"ఈ అక్షరాలు నాకొచ్చు," అంది.

"నీకు తెలుగు రాదుగా!"

"నీకు అక్షరాలు రావు. యల్లా, కూర్చో."

ఆఫీసు మెట్ల మీద నీడలో కూర్చున్నాం. ఆమె సంచీలో పెన్ను లేదు, కనుబొమలు దిద్దుకునే పెన్సిలుంది. పాటల కాగితం వెనక్కి తిప్పి నా ఒళ్ళో పెట్టింది. ఆమె చదువుతుంది, నేను రాయాలి. ఆమెకి ఒక్క మాటకీ అర్థం తెలియదు. అయినా ఒక్కో మాటా విడదీసి, ఆగి, పూస తిప్పినట్టే చదివింది. 'వలస' అంది, రాశాను. 'వచ్చి' అంది, వత్తు పెట్టాను. మన మాట ఆ గొంతులో గమ్మత్తుగా ఉంది, చిన్నపిల్ల మనింటి చీర చుట్టుకుని వచ్చినట్టు. నవ్వొచ్చింది.

"నవ్వకు. రాయి."

"నోటికి పట్టేసి చెప్పేస్తానే, సరిపోతుంది."

"వద్దు. నోటికి చిలక కూడా పడుతుంది. నువ్వు చూసి చదవాలి. నిన్ను చదివే మనిషి అని చెప్పాను నేను."

నాలుగు వాక్యాలు. మూడో వాక్యంలో పెన్సిలు మొన అరిగిపోయింది, పళ్ళతో చెక్క కొరికి మళ్ళీ రాశాను. ఆమె చదువుకోవాల్సిన మొదటి పఠనం ఫైల్లోనే ఉండిపోయింది, ఒక్కసారి కూడా చూసుకోలేదు. పదికి అయిదు నిమిషాలుందనగా అయిపోయింది. పార్కింగు దగ్గరికెళ్ళి పెద్దాయన ముందు కాగితం చాపాను. నల్లగా, లావుగా, వంకరగా, పేజీ నిండా తెలుగు.

ఆయన చదివాడు. మొదటి నుంచి చివరిదాకా చదివాడు. "ఎవరు రాశారండీ?"

"వంటావిడ," అన్నాను.

పూజలో మొదటి పఠనం మా పిల్ల తడుముకోకుండా చదివింది. ప్రార్థనలకి వరసలో నాది అయిదోది. మైకు పొడుగాటి మలయాళీ ఆయనకి పెట్టిన ఎత్తులోనే ఉంది. నేను రెండు చేతులతో పట్టుకుని కిందికి వంచాను, కీచుమని అరిచింది, అందరూ తలెత్తారు. తలెత్తడమే నాక్కావాలి. చదివాను.

"వలస వచ్చి పరాయి దేశంలో పని చేసుకుంటున్నవాళ్ళ కోసం, ఇంటి దగ్గర వాళ్ళ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ కోసం..."

ఆఖరి వాక్యం దగ్గర ఒక్కచోట ఆగాను, వేలు పెట్టి ఆ వత్తు చూసుకుని మళ్ళీ చదివాను. చివర "ప్రభువును వేడుకొందము" అన్నాను. అంతకుముందు నాలుగు భాషలకీ జనం ఇంగ్లీషులోనే బదులు చెప్పారు. నాకూ అంతే అనుకుని తల వంచాను.

వెనక గోడ దగ్గర నుంచి వచ్చింది. మగ గొంతులు, బస్సు దిగి వచ్చినవాళ్ళవి, ఒక్కసారిగా: "ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము!" తర్వాత కుడిపక్క ఆడవాళ్ళ వైపు నుంచి, పై అంతస్తు నుంచి. అంతమంది ఉన్నామని మాకే తెలియదు. ఫాదర్‌గారు వెనక్కి తిరిగి చూశారు. తర్వాత చదవాల్సిన తమిళావిడ, ఆ హోరు తగ్గేదాకా మెట్టు మీదే ఆగిపోయింది. ఆగనీ అనుకున్నాను.

కిందికొచ్చి కూర్చుంటే మా పిల్ల నా మోచెయ్యి గిల్లింది, గట్టిగా. పూజయ్యాక పెద్దాయన వచ్చాడు.

"అక్కయ్యగారూ, ఒక్కచోట ఆగారండీ."

"ఊపిరి పీల్చుకోవద్దా?"

నవ్వేశాడు. "క్రిస్మస్‌కి కూడా మీరే చదవాలి మరి."

"మన అక్షరాల్లో రాసిస్తే చదువుతాను."

"ఆయ్, అలాగేనండి."

ఆ రోజు అక్కడున్నవాళ్ళని రాసి పెడుతున్నాను. పేర్లు రాయను, కొంతమందికి ఇళ్ళల్లో ఇబ్బంది. మా పిల్ల. ఫోన్‌లో వాళ్ళ అమ్మ, కూతురు, కొడుకు. ఫాదర్‌గారు. గోడౌన్ పెద్దాయన, ఆయన భార్య. పొడుగాటి మలయాళీ ఆయన. ఆగి నిలబడ్డ తమిళావిడ. రాజోలు వైపు నుంచి వచ్చి ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళు ముగ్గురు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ నుంచి బస్సులో వచ్చి వెనక నిలబడ్డ మన తమ్ముళ్ళు, లెక్కపెట్టలేదు. మమ్మల్ని దింపి, బయట కారులో ఏసీ వేసుకుని కూర్చున్న మా ఇంటి పఠాన్ డ్రైవరు. నేను.