మా బావగారి హైహ్యాట్

మా బావగారు గురునాథంగారు పాట పాడలేరు, ఏ వాయిద్యమూ వాయించలేరు. అయినా ఆ రోజుల్లో ఒంగోలులో లైటు మ్యూజిక్ పార్టీ అంటే ఆయనదే. పగలు హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. సాయంత్రం మైకు పట్టుకునేవారు. పాటకీ పాటకీ మధ్య ఆయన చెప్పే నాలుగు మాటలు ఒక్కోసారి పాటకంటే పొడుగ్గా ఉండేవి.

మా అక్క శ్యామలాంబ కాన్పుకి సాయం వచ్చి నేను ఆ ఇంట్లోనే ఉండిపోయాను. తొమ్మిదో తరగతి పుస్తకాలు అటకెక్కాయి. రిహార్సల్ ముందు గదిలో, నా పని వంటింట్లో, మధ్యన ఒక తలుపు. ఆ తలుపు సందులోంచి చూసిందే నాకు తెలిసిన సంగీతం.

డ్రమ్ముల పక్కన ఒక ఇనుప కడ్డీకి రెండు ఇత్తడి పళ్ళాలు ఉంటాయి, ఒకదాని మీద ఒకటి మూతవేసినట్టు. దాన్ని హైహ్యాట్ అంటారు. కింద పెడలు తొక్కితే పళ్ళాలు మూసుకుంటాయి, వదిలితే విడిపోతాయి. మూసి కొడితే టిక్కుమంటుంది, తెరిచి కొడితే ఛిస్సుమంటుంది. పాట నడిచినంతసేపూ అది నడుస్తూనే ఉండాలి. ఉంటే ఎవరూ పట్టించుకోరు. లేకపోతే పాట కుంటుతుంది.

మా పార్టీలో దాన్ని తొక్కేవాడు ఖాదర్ వలి. కర్నూలు రోడ్డులో టైలరు. పగలంతా కుట్టుమిషను తొక్కి, సాయంత్రం వచ్చి హైహ్యాట్ తొక్కేవాడు. డ్రమ్ములు పార్టీవి, కాళ్ళూ చేతులూ ఖాదర్ వలివి.

రంజాను ముందు టైలరుకి ఊపిరాడదు. ఆ ఏడు అతను రెండు రిహార్సళ్ళకి ఆలస్యంగా వచ్చాడు. బావగారికి కోపం వచ్చింది.

"ఏం ఖాదరూ, రెండు పళ్ళాలు టిక్కుటిక్కుమనిపించడానికి ఇంత బెట్టా? ఆ పని ఇప్పుడు మిషను కూడా చేస్తుంది."

"అయితే మిషన్నే పెట్టుకోండి మాస్టారూ" అని ఖాదర్ వలి పుల్లలు రెండూ డ్రమ్ము మీద పెట్టి, ఉపవాసం విడిచాక తాగుతున్న టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా చీరాల పార్టీలో చేరాడని తెలిసింది.

బావగారిది ఒక వింత స్వభావం. ఎవరైనా వెక్కిరింపుగా అన్నమాటని ఆయన సలహాగా తీసుకుంటారు. పాత డ్రమ్ములూ పళ్ళాలూ స్టాండుతో సహా గుంటూరులో ఒక పెళ్ళిబ్యాండు వాళ్ళకి అమ్మేసి, మద్రాసులో ఎవరినో పట్టుకుని సింగపూర్ నుంచి వచ్చిన మిషను కొనుక్కొచ్చారు. చూడ్డానికి చదరంగం బల్లలో ఒక ముక్కలా ఉంది. పైన నల్లటి రబ్బరు గళ్ళు, ముందు వరసగా తిప్పుడు బిళ్ళలు. పుల్లతో ఒక గడి కొడితే డ్రమ్ము, ఇంకో గడి కొడితే టిక్కు, దాని పక్క గడి కొడితే ఛిస్సు. వాయించేవాణ్ణి పెట్టుకుంటే వాడూ అలుగుతాడని, ఏనాడూ ఏదీ వాయించని బావగారు తానే పుల్లలు పట్టారు.

"మిషను అలగదు, ఆలస్యంగా రాదు" అన్నారు అక్కతో.

"టీ కూడా తాగదు. అదొక్కటి నాకు నచ్చింది" అంది అక్క.

మిషను మొదటి కచేరీ చీమకుర్తి వినాయకచవితి పందిట్లో. చీమకుర్తి మా పార్టీకి ప్రాణం. అప్పుడప్పుడే క్వారీలు పెరుగుతున్నాయి, లారీలు పెరుగుతున్నాయి, పందిరి కూడా ఏటేటా పెరుగుతోంది. చీమకుర్తి వాళ్ళు ఎవరిని పిలిస్తే చుట్టుపక్కల ఊళ్ళన్నీ వాళ్ళనే పిలిచేవి. ఆ ఊరు పోతే పార్టీ మూసుకోవడమే.

కమిటీ పెద్ద ఆదెయ్య. లారీల ఆసామి. మూడు పాటలు విని స్టేజీ దగ్గరికే వచ్చేశాడు.

"ఏందయ్యా మాస్టారూ, గోడగడియారం మింగావా? టిక్కుటిక్కుటిక్కుమని ఏందా గోల? మా ఖాదరేడీ?"

"ఇది లేటెస్టు మిషనండీ, సింగపూర్ నుంచి..."

"యాడి నుంచైతే నాకేంది? వచ్చే చవితికి గనక ఇట్టనే ఉందంటే నిన్ను పిలవం. ఖాదర్ యే పార్టీలో ఉంటే ఆ పార్టీనే పిలుచుకుంటాం. మళ్ళా మాట రాకూడదు, ఇప్పుడే చెప్తన్నా."

ఇంటికి వచ్చాక అక్క మెల్లిగా అంది. "పోనీ, ఖాదర్‌ని ఒక మాట అడగరాదూ?"

"వాడి గడప నేను తొక్కను. చీమకుర్తిని వదులుకోను." బావగారు ఈ రెండు మాటలూ ఒకే ఊపిరిలో అన్నారు. ఆ ఏడాదంతా మా ఇల్లు ఆ రెండు మాటల మీదే నడిచింది.

ఖాదర్‌ని పిలవలేరు గనక, ఖాదర్ వాయించిన క్యాసెట్టు బయటికి తీశారు. ఎప్పుడో చీమకుర్తిలోనే రికార్డు చేసింది. కర్నూలు రోడ్డులో మనిషి కుట్టుమిషను తొక్కుకుంటూ ఉండగానే, ఆయన టేపురికార్డరుకి చెవి ఆనించి క్యాసెట్లో ఉన్న మనిషి కోసం వెతికేవారు. పాటలు ఆయనకి అక్కర్లేదు. పాట వెనకాల టిక్కు కావాలి. గాయకుడు గొంతెత్తితే "అబ్బ, ఉండవయ్యా" అని టేపు మీద విసుక్కునేవారు.

మొదట స్పీకరుకి తువ్వాలు కప్పారు. టిక్కు కాస్తా దగ్గయింది. స్పీకరు ముందు మా మజ్జిగ గిన్నె మూత వేలాడదీశారు. అది పాటలన్నిటికీ ఒకేలా గణగణమంది, ఆపై మూడు రోజులు మజ్జిగకి మూత లేదు. ఎండుమిరపకాయలు ఊపితే లోపల గింజలు సరిగ్గా ఆ చప్పుడే చేస్తాయని ఆయనకి తోచింది. కోరస్ పాడే కుర్రవాడికి మైకు దగ్గర రెండు గుప్పెళ్ళు ఊపమని ఇచ్చారు. చప్పుడు బాగానే వచ్చింది. పల్లవి పూర్తయ్యేలోపు పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ అందరూ తుమ్ముతున్నారు. వంటింట్లో నేనూ, ఉయ్యాల్లో పిల్లా కూడా.

ఆ తరవాత ఆయన వస్తువుల్ని వదిలి వినడం మొదలుపెట్టారు. అది మాత్రం ఒప్పుకోవాలి, మనిషి వినడం నేర్చుకున్నారు. ఖాదర్ కొట్టే దెబ్బల్లో ఏ రెండూ ఒక్కలా లేవని కనిపెట్టారు. ఒకటి గట్టిగా పడితే మరొకటి తాకీ తాకనట్టు పడుతుంది. చరణం పల్లవిలోకి తిరిగే చోట పళ్ళెం తెరుచుకుంటుంది. దెబ్బ తాళం మీద కాకుండా వెంట్రుకవాసి వెనక్కి పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మూసినప్పుడు టిక్కుమని తెగిపోదు. చివర సన్నగా జిర్రుమంటుంది.

"ఆ జిర్రు విన్నావా శ్యామలా? ప్రాణమంతా ఆ జిర్రులోనే ఉంది" అన్నారు ఒక ఆదివారం.

"ప్రాణం ఎక్కడికీ పోదు గాని, సంచీ తీసుకుని కూరగాయలకి వెళ్ళండి."

మిషనులో జిర్రు లేదు. టిక్కు ఉంది, ఛిస్సు ఉంది. ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఆయనకి అసలు కిటుకు దొరికింది. టిక్కు జోలికి పోకుండా, ఛిస్సు గడినే తీసుకుని, అది ఎంతసేపు మోగాలో చెప్పే బిళ్ళని బాగా వెనక్కి తిప్పారు. ఛిస్సు మొదలవుతూనే తెగిపోయి జిర్రుగా మిగిలింది. పూర్తిగా మూసుకోని పళ్ళెం చప్పుడు. దాన్ని ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా, వెంట్రుకవాసి వెనక్కి పట్టి వాయించడం మొదలుపెట్టారు.

నేను బియ్యం ఏరుతున్నాను. అక్క చెవులు రిక్కించింది.

"ఒసేయ్, ఖాదరొచ్చాడే! ఎప్పుడొచ్చాడు? వాడికి టీలో పంచదార వెయ్యకు."

రెండు గ్లాసులు పట్టుకుని తలుపు తోసుకుని వెళ్ళాను. గదిలో బావగారు ఒక్కరే ఉన్నారు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"రెండోది ఎవరికే?"

ఆయన నా మొహం చూశారు, గ్లాసు చూశారు. నెమ్మదిగా నవ్వు వచ్చింది. పంచదార ఉన్నదీ, లేనిదీ, రెండూ ఆయనే తాగేశారు.

అంతటితో ఊరుకుంటే బావుండేది. నువ్వు లేకపోయినా నాకేం లోటు లేదని ఖాదర్‌కి వినిపిస్తే గాని ఆయనకి నిద్రపట్టేలా లేదు. గడప తొక్కనన్న మాట తప్పకుండా, మనిషిచేత కబురు పంపారు. ఖాదర్ మళ్ళీ పార్టీలోకి పిలుస్తారనుకున్నాడేమో, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బావగారు మాటామంతీ లేకుండా పుల్లలు తీసుకుని వాయించారు. ఖాదర్ తలవంచుకుని విన్నాడు. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని నాకు భయం వేసింది. నవ్వుతున్నాడు.

"ఎట్లా ఉంది?" అన్నారు బావగారు.

"నేనే మాస్టారూ. అచ్చం నేనే. మరి ఆ జిర్రు ఎందుకు పెట్టారు?"

"అదేమిటి, అదేగా నీ గొప్ప?"

"నా గొప్పేందండీ! అది మీ స్టాండు రోగం. స్ప్రింగు పోయింది, కడ్డీ తుప్పుపట్టింది, ఎంత తొక్కినా పళ్ళెం పూర్తిగా మూసుకునేది కాదు. మార్చమని మీకు ఎన్నిసార్లు చెప్పాను? మూడేళ్ళు ఆ జిర్రుతో కుస్తీ పట్టాను. వెనకబడేది కూడా అందుకే, పెడలు పైకి లేవాలంటే ఆలోచించుకునేది."

బావగారు పుల్లలు ఒళ్ళో పెట్టుకున్నారు.

"మరి అసలు మంచి హైహ్యాట్ ఎలా ఉంటుంది?"

"మీ మిషన్లో మొదట వచ్చిందేదీ, అది కొట్టండి."

బావగారు పక్క గడి కొట్టారు. ఎండాకాలం నుంచీ ఎవరూ ముట్టని టిక్కు.

"ఇదండీ. చీరాల పార్టీలో నాకు కొత్త స్టాండు కొన్నారు, ఇప్పుడు నాది ఇట్లాగే ఉంటుంది" అని ఖాదర్ వలి లేచాడు. ఈసారి టీ మొత్తం తాగి వెళ్ళాడు.

చవితికి ఏది వాయించాలన్నది పెద్ద చిక్కయింది. సైన్సు మాస్టారికి నిజం టిక్కు వైపు ఉంది. చీమకుర్తి జిర్రు వైపు ఉంది. వ్యాన్ ఎక్కేదాకా ఆయన తేల్చుకోలేదు. ఆ ఏడు అక్కా నేనూ కూడా వెళ్ళి ఆడవాళ్ళ వైపు కూర్చున్నాం. మైకు గాయకుడికి వదిలేసి, బావగారు స్పీకరు పెట్టెల వెనక మిషను ముందు కూర్చున్నారు. పాట ఎత్తుకున్నాక తెలిసింది, నిజం ఓడిపోయిందని. జిర్రు హాయిగా నడుస్తోంది.

రెండో పాటకే ఆదెయ్య ముఖం వికసించింది. పాట అవగానే స్టేజీ ఎక్కాడు.

"ఇదీ! ఇప్పుడు బాగుంది. ఖాదర్‌ని తెచ్చుకున్నావన్నమాట. ఏడీ, యాడ దాచావు? అలిగి ఎనకమాల కూర్చున్నాడా?"

"ఖాదర్ రాలేదండీ. నేనే మిషను మీద వాయించాను" అన్నారు బావగారు, పెట్టెల వెనకనుంచి వచ్చి మైకు అందుకుని. ఏడాది కష్టాన్ని చెప్పుకునే సమయం వచ్చింది.

"ఊరుకోవయ్యా! మిషనైతే తప్పు ఎట్టా చేస్తది? మడిసి కాలు అది. లారీ చప్పుడు విని లోపల డ్రైవరెవడో చెప్తా నేను, నాకు తెలవదా?"

పందిరంతా ఈల వేసింది. బావగారు ఎంత చెప్తే జనం అంత నవ్వారు. ఖాదర్ కోసం అప్పటికప్పుడు ఒక శాలువా తెప్పించి బావగారి చేతిలో పెట్టి ఆదెయ్య అన్నాడు. "సిగ్గుపడి రాకపోతే ఇంటికాడ కప్పు. వచ్చే ఏడు కూడా మీదే పందిరి. ఒకటే మాట, ఈసారి వాడు ముందర కూర్చోవాల. మా పిల్లకాయలు ఆ కాలు చూడాల."

చీమకుర్తి నిలబడింది. నిలబడాలంటే ఖాదర్ ఉండాలి. బావగారు శాలువా పట్టుకుని, తొక్కనన్న గడప తొక్కారు. నా చేతికి అక్క జాకెట్టు గుడ్డ ఇచ్చి నన్నూ వెంట తీసుకెళ్ళారు, పని మీద వచ్చినట్టుంటుందని.

ఖాదర్ శాలువా అటూ ఇటూ తిప్పి చూశాడు, కుట్టు బాగుందో లేదోనన్నట్టు.

"రమ్మంటే వస్తాను మాస్టారూ. అక్కడా ఏం సుఖంగా లేదు. పోయిన నెల కొత్తపట్నంలో నా వాయింపు విని, ఇదేమన్నా మిషనా అని అడిగారు. కానీ నా స్టాండు టిక్కుమంటుంది. ఆదెయ్యగారికి ఆనదు. ఆ పాత స్టాండు కావాల్సిందే."

"అది గుంటూరులో పెళ్ళిళ్ళు తిరుగుతోంది. నువ్వు ముందు కూర్చో. జిర్రు సంగతి నేను చూసుకుంటాను."

మరుసటి చవితికి చీమకుర్తి పందిట్లో ఖాదర్ వలి అందరికంటే ముందు, అద్దె డ్రమ్ముల దగ్గర, తళతళలాడే కొత్త పళ్ళాలతో కూర్చున్నాడు. మోగకుండా వాటి మధ్య జాకెట్టు గుడ్డ పీలికలు కుక్కి ఉన్నాయి. స్పీకరు పెట్టెల వెనక, ఎవరికీ కనపడకుండా, బావగారు. ఆదెయ్య మనవళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టి "చూడండిరా, కాలు ఎట్టా ఆడతందో" అని చూపిస్తున్నాడు. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. ఖాదర్ లేచి దణ్ణం పెట్టాడు. పెట్టెల వెనక కూడా ఒక తల కొంచెం వంగింది.

తిరిగివచ్చేటప్పుడు వ్యానులో, ఒంగోలు ఇంకాస్త దూరముందనగా పేర్నమిట్ట దగ్గర, బావగారు అందుకున్నారు.

"ఇవాళ నీ కాలు రెండు చోట్ల ముందుకెళ్ళింది ఖాదరూ."

"మీరే వెనకబడ్డారు మాస్టారూ."

"వెనకబడటమే కదయ్యా అక్కడ అసలు! మూడో పాట చరణంలో నువ్వు ఎప్పుడూ వెనక్కి వెళ్తావు. క్యాసెట్లో ఉంది."

"అప్పుడంటే స్టాండు..."

"స్టాండు మాట ఎత్తకు. రేపు షాపు తెరవకముందు ఇంటికి రా. నువ్వు ఎట్లా కొట్టేవాడివో నేర్పిస్తాను."