అద్దాల తలుపులున్న మా పరుపుల అంగడి

ఆదోనిలో మా దూది పరుపుల అంగడికి పోయిన నెలలో వెబ్‌సైట్ వచ్చింది. చేసిచ్చిన మహానుభావుడు మా బావమరిది. "ఇల్లు కదలకుండానే జనాలు నీ అంగడి సూస్తారు బావా" అన్నాడు. మా అంగడి ఫోటోలో కళ లేదని, ఇంటర్నెట్‌లో దొరికిన అద్దాల తలుపుల షోరూమ్ ఫోటో పెట్టాడు.

ఈ రోజు తుగ్గలి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కొత్త ఇంట్లో చేరుతున్నారట, పరుపులు కావాలట. ఫోన్‌లో ఆ ఫోటో చూపించి, "ఈ అంగడి యాడుందప్పా?" అని నన్నే అడిగాడు.

"ఇదేనన్నా, రాండి, కూసోండి" అన్నాను.

ఆయన ఫోటోను చూశాడు. తర్వాత మా రేకుల కప్పునూ, దూది పట్టిన నా తలనూ చూశాడు. బోర్డు మీద పేరు చూపించాను.

"పేరు ఎవురైనా రాసుకుంటారులేప్పా" అని వెళ్ళిపోయాడు.

అరగంటకు నా ఫోన్ మోగింది. వెబ్‌సైట్‌లో ఉన్న నంబరు నాదే కదా! అదే పెద్దాయన. ఈసారి మర్యాద పెరిగింది.

"సార్, మీ అంగడి పేరు పెట్టుకోని మార్కెట్టు కాడ ఒకాయన దొంగ అంగడి నడుపుతాండాడు. రవ్వంత సూసుకోండి సార్."

"ఆ ఒకాయన నేనేనన్నా" అన్నాను. ఫోన్ కట్ చేశాడు.

వెబ్‌సైట్ వల్ల లాభం లేదని ఎవరన్నారు? తుగ్గలి దాకా పేరు పాకింది. ఇంతకీ ఆ అద్దాల తలుపుల అంగడి మీకెవరికైనా కనిపిస్తే కాస్త దారి చెప్పండి. ఓనర్ని నేనే గానీ, లోపల అడుగుపెట్టే భాగ్యం ఇంకా కలగలేదు.