ఉలవలు మాన్పించిన నర్సు

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు దేవరకొండ దగ్గర ఒక చిన్న దవాఖానలో నర్సుగా చేరాను. పట్నంలో శిక్షణ పొంది వచ్చానన్న గర్వం నిలువెల్లా ఉండేది.

ఒక ఉదయం పక్క పల్లె నుంచి ఒక రైతు ఇల్లాలు మూడేళ్ల కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. తట్టు పోసి లేచిన పిల్ల. చేతులు పుల్లల్లా ఉన్నాయి.

"ఏం పెడుతున్నావు?" అన్నాను.

"జొన్నరవ్వ ఉడకవెట్టిన గట్కనే అమ్మా. ఉలవలు మొలకెత్తినంక ఉడకవెట్టి, మెత్తగ నూరి అండ్ల కలుపుతున్న."

"పశువుల దాణా పిల్లకు పెడతావా? మానెయ్. పాలు పట్టు, లేకపోతే అన్నం పెట్టు."

"బర్రెను రజాకార్లు తోలుకపోయిన్రమ్మా" అంది మెల్లగా. నేను వినిపించుకోకుండా వెనకనున్న మనిషిని పిలిచాను.

ఉలవలంటే నాకెందుకంత చులకనో నాకు తెలుసు. మాది నేత ఇల్లు. నూలు దొరకక మగ్గం ఆగిన రోజుల్లో మేమూ అవే తిన్నాం. ఆ సంగతి తోటి నర్సుల దగ్గర ఎన్నడూ పైకి రానివ్వలేదు.

నెల తిరక్కుండా ఆమె మళ్లీ వచ్చింది. పిల్ల ముఖం, కాళ్లు ఉబ్బి ఉన్నాయి. ఏడ్చే ఓపిక కూడా లేదు. ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడుక్కొచ్చి, ఉత్త గంజి తాగించిందట.

డాక్టరుగారు అంతా అడిగి తెలుసుకుని తల పట్టుకున్నారు. "జొన్నల్లో కొరవడింది ఉలవల్లో ఉంటుంది, ఉలవల్లో కొరవడింది జొన్నల్లో ఉంటుంది. రెండూ కలిపితే పాలకు దగ్గరగా వస్తుంది. సరిగ్గా పెడుతున్నదాన్ని ఎవరు మానమన్నారు?"

 ఆ తల్లి నావైపు ఒక్కసారి చూసి తల దించుకుంది.

"ఎవరనలే సాబ్. తెల్వక నేనే బంద్ వెట్టిన."

"బుద్ధుందా నీకు?" అని ఆయన ఆమెను అందరి ముందూ కేకలేశారు. నేను పక్కనే నిలబడి దూది సర్దుతూ ఉండిపోయాను.

పిల్లను దవాఖానలోనే ఉంచుకున్నాం. గట్క, ఉలవల ముద్ద, కాస్త పల్లీల పొడి కలిపి కొంచెం కొంచెంగా తినిపించాం. వాపు దిగింది. ఇంటికి పోయేనాడు గడప దాకా నడిచింది.

అప్పుడు తల్లిని పక్కకు పిలిచి, "నా పేరెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"నీ నౌకరి పోతదనుకున్న బిడ్డా. ఆడపిల్లవు, గింత దూరమొచ్చి చేస్తున్నవ్."

క్షమించమని అడగాలనుకున్నాను. అడగకుండానే లోపలికి వచ్చేశాను. డాక్టరుగారికీ చివరిదాకా చెప్పలేదు. ఆ తర్వాత ఎందరో తల్లులకు ఆ గట్క కలపడం నేర్పాను. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం ఒక్కరికీ చెప్పలేదు.